కృత్రిమ కార్నియా వచ్చేసిందా? ఏ పొరకి, ఎవరికి, ఎంతవరకు

“హైదరాబాద్‌లో త్రీడీ ప్రింటర్‌తో కార్నియా తయారు చేశారు, ఇక నేత్రదానంతో పనిలేదు” అనే మెసేజ్ మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి ఏడాదికి ఒకటి రెండుసార్లైనా వస్తుంది. ఒకసారి జపాన్ పేరుతో, ఒకసారి స్వీడన్ పేరుతో, ఈ మధ్య ఇజ్రాయెల్ పేరుతో. పోయినసారి అది వచ్చినప్పుడు మా పిన్ని ఫోన్ చేసి, “మరి మీ బాబాయి కంట్లో పువ్వు కూడా పోతుందంటావా?” అని అడిగింది. బాబాయికి చాలా ఏళ్ల కిందట నూర్పిళ్లప్పుడు వరిగడ్డి పోచ కంటికి తగిలింది. ఎవరో ఆకు పసరు పిండారు, పుండు పడింది, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ అలాగే ఉండిపోయింది.

పిన్నికి వెంటనే అవుననలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. ఎందుకంటే ఆ మెసేజుల్లో చెప్పే పరిశోధనలు చాలావరకు నిజమే. నిజంగా జరిగాయి, మంచి పత్రికల్లో అచ్చయ్యాయి. అయితే అవన్నీ ఒకే జబ్బుకి మందు కావు, అన్నీ ఒకే దశలో లేవు. కొన్ని ఇప్పటికే ఆపరేషన్ థియేటర్లో రోజూ జరుగుతున్నాయి, కొన్ని పది ఇరవై మంది దగ్గర ఆగాయి, కొన్ని ఇంకా కుందేళ్ల దగ్గరే ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తేనే పిన్ని ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

శుక్లం వేరు, పువ్వు వేరు

మన ఇళ్లలో “కంట్లో పొర వచ్చింది” అనే మాట రెండిటికీ వాడేస్తారు, సగం గందరగోళం అక్కడే మొదలవుతుంది. శుక్లం అంటే కంటి లోపల ఉండే లెన్స్ మసకబారడం. పాత లెన్స్ తీసేసి కృత్రిమ లెన్స్ పెడతారు, పావుగంట ఇరవై నిమిషాల ఆపరేషన్, ఎవరి కన్నూ అక్కర్లేదు. పువ్వు అంటే కంటికి ముందు అద్దంలా ఉండే కార్నియా మీద మచ్చ. లోపల లెన్స్ ఎంత బాగున్నా ముందున్న అద్దమే తెల్లబడితే వెలుతురు లోపలికి పోదు.

లెన్స్‌కి ప్లాస్టిక్ పనికొచ్చినప్పుడు కార్నియాకి ఎందుకు పనికిరాదు? మంచి ప్రశ్న ఇది. లెన్స్ కంటి లోపల ఒక సంచిలో కదలకుండా కూర్చుంటుంది, బయటి గాలి, దుమ్ము, సూక్ష్మజీవులు దాన్ని తాకవు. కార్నియా అలా కాదు. అది కంటికి చర్మం లాంటిది కూడా. గీసుకుంటే మానాలి, కన్నీటిని నిలుపుకోవాలి, క్రిముల్ని ఆపాలి, చుట్టూ ఉన్న కణజాలంతో అతుక్కుపోవాలి. ప్లాస్టిక్ కార్నియాలు లేవని కాదు. అమెరికాలో క్లాస్ డోల్మన్ తయారు చేసిన బోస్టన్ కృత్రిమ కార్నియాకి అక్కడి మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 1992లోనే అనుమతి ఇచ్చింది, మదురైలోని ఆరోల్యాబ్ తక్కువ ధరలో అలాంటిదే తయారు చేస్తోంది. కానీ అది పెట్టుకున్నవాళ్లకి ఇన్ఫెక్షన్, నీటికాసుల భయం జీవితాంతం ఉంటుంది. మామూలు మార్పిడి ఒకటి రెండుసార్లు విఫలమైనవాళ్లకి, ఇంకో దారి లేనివాళ్లకి మాత్రమే సాధారణంగా దాన్ని పెడతారు.

అరమిల్లీమీటరు మందం, మూడు రకాల పనులు

కార్నియా మధ్యలో మందం అరమిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, అంతే. అందులో పుస్తకాల ప్రకారం ఐదు పొరలున్నా, మన పనికి మూడు గుర్తుపెట్టుకుంటే చాలు.

పై పొర చర్మం లాంటిది, కణాలు రాలుతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. ఆ కొత్తవి ఎక్కడినుంచి వస్తాయో అద్దంలో మీరే చూడొచ్చు. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట సన్నటి అంచు ఒకటి ఉంటుంది, దాన్ని లింబస్ అంటారు. మూలకణాలు, అంటే స్టెమ్ సెల్స్, ఆ అంచులో ఉంటాయి. అవి బతికున్నంతకాలం కార్నియా పైభాగం ఎన్నిసార్లు గీసుకున్నా మళ్లీ మానుతుంది.

మధ్య పొర మందంలో దాదాపు 90 శాతం. ఇది కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులతో నేసిన గుడ్డ. మన చర్మంలోనూ కొల్లాజెనే ఉంది, కానీ చర్మంలోంచి అవతల ఏమీ కనిపించదు, కార్నియాలోంచి కనిపిస్తుంది. తేడా అంతా నేతలోనే ఉంది. పోగులన్నీ ఒకే మందంలో, సమాన దూరంలో, పడుగూ పేకా లెక్కతప్పని మగ్గం పనిలా వరసగా పేర్చి ఉంటాయి, మధ్యలో ఒక్క రక్తనాళం కూడా ఉండదు. పుండు పడి మానినప్పుడు ఆ నేత చెదిరిపోతుంది, అదే పువ్వు.

లోపలి పొర ఒకే ఒక్క వరస కణాలు. కంటి లోపలి నీరు కార్నియాలోకి ఊరుతూ ఉంటే దాన్ని తిరిగి బయటికి తోడేసే మోటార్లు ఇవి. పెద్దయ్యాక చదరపు మిల్లీమీటరుకి సుమారు 2,500 ఉంటాయి. మనుషుల్లో ఇవి పోతే కొత్తవి పుట్టవు. 500 దగ్గరికి పడిపోయాయంటే తోడే బలం చాలక కార్నియా ఉబ్బి, ఆవిరి పట్టిన అద్దంలా తయారవుతుంది.

కాబట్టి “కార్నియా తయారు చేశారు” అనే వార్త చూడగానే మొదట అడగాల్సింది ఏ పొర అని.

120 ఏళ్ల పాత పద్ధతి, దాని లెక్క

1905 డిసెంబరు 7న, ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉన్న ఓలోమౌత్స్ అనే ఊళ్లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు, సున్నంతో పనిచేస్తూ రెండు కళ్లూ కాలిన ఒక కూలీకి, దెబ్బ తగిలి తీసేయాల్సి వచ్చిన ఒక పిల్లవాడి కంటినుంచి కార్నియా తీసి అతికించాడు. రెండు కళ్లలో ఒకటి నిలిచింది, ఆయన మళ్లీ పనిలోకి వెళ్లగలిగాడు. నిలిచిన మొదటి కార్నియా మార్పిడి అదే. ఇప్పటికీ ఎక్కువమందికి చూపు తెప్పిస్తున్న పద్ధతి, ఎంతో మెరుగుపడినా, మూలంలో ఇదే. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి సంస్థ ఒక్కటే 50,000కు పైగా కార్నియా మార్పిడులు చేసింది.

చిక్కు లెక్కలో ఉంది. 116 దేశాల్లో 2012నాటి పరిస్థితి మీద జరిగిన ఒక పెద్ద సర్వే అంచనా ప్రకారం ఆ ఏడాది ప్రపంచమంతా జరిగిన మార్పిడులు సుమారు 1,85,000. ఎదురుచూస్తున్నవాళ్లు 1.27 కోట్లు, అందులో సగానికి పైగా మన దేశంలోనే. 70 మందికి కావాల్సిన చోట ఒక్క కార్నియా దొరుకుతోందని ఆ అధ్యయనం తేల్చింది. పైగా దానంగా వచ్చిన కార్నియాని మన ఐబ్యాంకుల్లో మామూలుగా వాడే ద్రవాల్లో 4 రోజుల నుంచి 14 రోజుల వరకే దాచగలరు, దాచి ఉంచి అవసరానికి వాడుకుందామంటే కుదరదు. బయోఇంజినీరింగ్ వాళ్లు ఇంతగా దీని వెంట పడుతున్నది ఈ కొరత వల్లే.

సున్నం పడ్డ కన్ను: ఇది ఇప్పటికే ఆసుపత్రిలో ఉంది

మా నాయనమ్మ తమలపాకుల డబ్బాలో సున్నపుకాయ ఉండేది, దాని మూత మా చేతికి అందకుండా ఎందుకు బిగించి పెట్టేదో చిన్నప్పుడు తెలియదు. ఇప్పుడు సున్నం చిన్న చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో అమ్ముతున్నారు, పిల్లలు గట్టిగా నొక్కితే పిచికారీలా కంట్లోకి కొడుతుంది. సున్నం క్షారం. యాసిడ్ పడితే పైన గడ్డకట్టి చాలాసార్లు అక్కడికక్కడే కొంత ఆగుతుంది, క్షారం అలా ఆగదు, లోపలికి దిగుతూ పోతుంది. పోతూ పోతూ లింబస్ అంచులోని మూలకణాలనూ చంపేస్తుంది.

ఇక్కడే దానంగా వచ్చిన కార్నియా కూడా చేతులెత్తేస్తుంది. కొత్త కార్నియా పెట్టినా దానికి పై పొర అందించే మూలకణాలు లేవు కదా, కొన్నాళ్లకి తెల్లగుడ్డు చర్మం, దాంతోపాటు రక్తనాళాలూ దాని మీదికి పాకి మళ్లీ మూసేస్తాయి. 1997లో ఇటలీలో గ్రాజియెల్లా పెలెగ్రిని, మికేలె దె లూకా బృందం దీనికి దారి చూపింది. బాగున్న కంటి లింబస్ నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో పొరగా పెంచి, కాలిన కంటి మీద పరిచారు. అదే పద్ధతి 2015లో హోలోక్లార్ పేరుతో యూరప్‌లో అనుమతి పొందింది, మూలకణాలతో చేసిన చికిత్సకి అక్కడ దొరికిన మొదటి అనుమతి అదే.

అది గొప్ప పనే, కానీ ఖరీదైన పని. కణాలు పెంచే ల్యాబ్‌లో గాలి దగ్గర్నుంచి ప్రతిదీ నియంత్రణలో ఉండాలి, రెండు వారాలు ఆగాలి, రెండుసార్లు ఆపరేషన్. హైదరాబాద్‌లో వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు, దొరైరాజన్ బాలసుబ్రమణియన్, వాళ్లతో కలిసి పనిచేసిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త షీలా మెక్‌నీల్ 2012లో ప్రచురించిన పద్ధతి ఈ ల్యాబ్‌నే పక్కన పెట్టేసింది. దాని పేరు స్లెట్.

జరిగేది ఇదీ. ఒక మేస్త్రీకి కుడికంట్లో సున్నం పడింది, ఎడమకన్ను బాగుంది అనుకుందాం. ఎడమకంటి అంచునుంచి 2 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క తీస్తారు, నువ్వుగింజంత అనుకోండి. కుడికంటి మీద పాకిన పొరంతా గీకేసి, కాన్పుల సమయంలో తల్లుల అనుమతితో సేకరించి దాచిన ఉమ్మనీటి సంచి పొరని పరుస్తారు. ఆ నువ్వుగింజని మళ్లీ ఎనిమిది పది ముక్కలు చేసి, నారు నాటినట్టు దూరం దూరంగా గుండ్రంగా ఆ పొర మీద ఉంచి, రక్తంలో గడ్డకట్టే ప్రొటీన్‌తో చేసిన జిగురుతో అతికిస్తారు. మేస్త్రీ కన్నే ల్యాబ్ అవుతుంది. ఆ ముక్కల్లోంచి కణాలు పాకుతూ వెళ్లి ఒకదానితో ఒకటి కలిసి కొన్ని వారాల్లో కార్నియాని కప్పేస్తాయి. ఒకే సిట్టింగ్, కణాలు తన సొంతవే కాబట్టి శరీరం తిరస్కరించడమనే టెన్షన్ లేదు.

2016లో 125 మంది ఫలితాలు ప్రచురించారు, సగటున ఏడాదిన్నర దాకా గమనించి చూస్తే 76 శాతం మందిలో నిలిచింది. అంటే నలుగురిలో ఒకరికి నిలవలేదు, అదీ మర్చిపోకూడదు. ల్యాబ్‌లో పెంచడమే మేలనే వాదం కూడా బలంగానే ఉంది. అలా అయితే కణాల నాణ్యత ముందే పరీక్షించుకోవచ్చు, బాగున్న కంటినుంచి ఇంకా తక్కువ తీసుకోవచ్చు అంటారు. 2025లో బోస్టన్ బృందం ఆ దారిలోనే 14 మందిపై చేసిన పరీక్షలో ఏడాదిన్నరకి పూర్తిగానో కొంతవరకో ఫలితం కనిపించినవాళ్లు 90 శాతం దాటారు. అలాగని 14 మంది సంఖ్యని 125 మంది సంఖ్య పక్కన పెట్టి ఇదే మెరుగని తేల్చేయడం సరికాదు. రోగుల ఎంపిక వేరు, విజయానికి పెట్టుకున్న కొలతలూ వేరు.

రెండు కళ్లూ కాలితే మాత్రం ఈ రెండు దారులూ మూసుకుపోతాయి, ముక్క తీయడానికి బాగున్న కన్నే లేదు కాబట్టి. అప్పుడు వేరేవాళ్ల కణాలు పెట్టి శరీరం తిరస్కరించకుండా మందులు వాడాలి, లేదా తన నోటి లోపలి బుగ్గ చర్మం నుంచి పొర పెంచాలి. జపాన్‌లోని ఒసాకాలో కోజి నిషిదా బృందం ఇంకో అడుగు వేసింది. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా కనిపెట్టి 2012లో నోబెల్ అందుకున్న పద్ధతిలో మామూలు కణాలని వెనక్కి తిప్పి మూలకణాలుగా మారుస్తారు కదా, ఆ ఐపీఎస్ కణాల నుంచి కార్నియా పై పొరని పెంచి నలుగురికి పెట్టారు. 2024లో వచ్చిన నివేదిక ప్రకారం రెండేళ్లలో పెద్ద ప్రమాదాలేవీ కనిపించలేదు, ముగ్గురిలో మెరుగు నిలిచింది. నలుగురంటే ఆశ పెట్టుకోవచ్చు, దాన్నిబట్టి ఆసుపత్రికి వెళ్లి అడిగే దశ కాదు.

లోపలి పొర: కోత బదులు ఇంజెక్షన్

శుక్లం ఆపరేషన్ అయ్యాక కొందరు పెద్దవాళ్లకి లోపలి మోటారు కణాలు దెబ్బతిని కార్నియా ఉబ్బుతుంది. పొద్దున లేవగానే మసక ఎక్కువ, మధ్యాహ్నానికి కాస్త నయం, ఇది దాని గుర్తుల్లో ఒకటి. ఇప్పుడైతే దాత కార్నియా నుంచి ఆ ఒక్క పొరనే తీసి మారుస్తారు.

ఒక కార్నియా లోపలివైపు వైశాల్యం సుమారు 100 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకి 2,500 చొప్పున మొత్తం రెండున్నర లక్షల కణాలు. జపాన్‌లోని క్యోటోలో షిగెరు కినోషిటా బృందం ఒక్కొక్క రోగికి కంట్లోకి ఎక్కించినవి 10 లక్షల కణాలు. అంటే ఒక రోగికే నాలుగు కార్నియాలు కావాలి కదా అనిపిస్తుంది. వాళ్ల ఘనత అక్కడే ఉంది. మనిషి కంట్లో విభజన చెందని ఈ కణాలని ల్యాబ్‌లో పెంచడం నేర్చుకున్నారు, అందువల్ల ఒక్క దాత నుంచి ఎంతోమందికి సరిపడా వస్తాయి. ఇంజెక్షన్ ఇచ్చాక రోగిని మూడు గంటలు బోర్లా పడుకోబెడతారు, కణాలు బరువుకి కిందికి దిగి కార్నియా లోపలి గోడకి అంటుకోవాలని. 2018లో ప్రచురించిన 11 మంది ఫలితాల్లో 24 వారాలకి అందరిలోనూ కణాల సంఖ్య 500 దాటింది. 2023లో జపాన్ ఈ చికిత్సకి అనుమతి ఇచ్చింది. నాకు ఈ మొత్తం రంగంలో అన్నిటికంటే ఆశ కలిగించేది ఇదే, ఎందుకంటే 70కి ఒకటి అనే లెక్కని నిజంగా మార్చగలిగేది ఇలాంటిదే.

మధ్య పొర: త్రీడీ ప్రింటర్ కథ ఇక్కడిది

మెసేజుల్లో తిరిగే వార్తలు ఎక్కువగా ఈ పొరవే. ఆ నేతని మళ్లీ నేయడమే అన్నిటికంటే కష్టం.

స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు పంది చర్మం నుంచి శుద్ధి చేసిన కొల్లాజెన్‌తో పారదర్శకమైన పలుచటి బిళ్ల తయారు చేశారు. మాంసం పరిశ్రమలో మిగిలే పదార్థం కాబట్టి చవక, రెండేళ్ల వరకు దాచొచ్చు. 2022లో ప్రచురించిన ఫలితాల్లో ఇరాన్, భారత్‌లలో 20 మందికి పెట్టారు, మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్‌లో. పరీక్షకి ముందు 14 మంది అంధుల లెక్కలో ఉన్నవాళ్లు, రెండేళ్ల తర్వాత ఒక్కరూ ఆ లెక్కలో లేరు. వార్తలు ఇక్కడిదాకా సరిగ్గానే రాశాయి. రాయనిదేమిటంటే, ఆ 20 మందికీ ఉన్నది కెరటోకోనస్, అంటే కార్నియా పలచబడి కోన్‌లా ముందుకి పొడుచుకొచ్చే జబ్బు. వాళ్ల సొంత కార్నియా తీసేయలేదు, మధ్యలో చిన్న జేబులాంటి కోత పెట్టి బిళ్లని లోపలికి దోపారు, దాంతో మందం పెరిగి ఆకారం సరిపడింది. మచ్చపడి తెల్లబడిన కార్నియాకి ఇది పనిచేయదు, ఎందుకంటే మచ్చ అక్కడే ఉంటుంది కదా.

ఇక మన హైదరాబాద్ వార్త. 2022 ఆగస్టులో ఎల్వీ ప్రసాద్ సంస్థ, ఐఐటీ హైదరాబాద్, కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింట్ చేసిన కార్నియాని ప్రకటించాయి. ప్రింటర్‌లో పోసే సిరాని బయోఇంక్ అంటారు. వీళ్లు దాన్ని దేనితో చేశారన్నదే కీలకం: దానంగా వచ్చిన మనుషుల కార్నియాల్లోంచి కణాలన్నీ కడిగేసి, మిగిలిన కొల్లాజెన్ చట్రాన్ని కరిగించి, దానికి మూలకణాలు కలిపి. కృత్రిమ రసాయనాలేవీ లేకపోవడం దాని బలం. పెట్టింది కుందేలు కంట్లో. అంతకుముందు 2018లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో పది నిమిషాల్లోపు కార్నియా ఆకారాన్ని ప్రింట్ చేసి చూపారు, అది ల్యాబ్ గాజుపాత్రలో. 2025 అక్టోబరులో ఇజ్రాయెల్‌లోని హైఫాలో మొదటిసారి ఒక మనిషికి ప్రింట్ చేసిన కార్నియా పెట్టారు, కానీ అది లోపలి పొర దెబ్బతిన్నవాళ్ల కోసం చేసినది. దాని కణాలూ ఒక దాత కార్నియా నుంచి పెంచినవే.

ఆకారం ప్రింట్ చేయడం పెద్ద కష్టం కాదని ఈపాటికి తేలిపోయింది. కుట్టు వేస్తే చిరగనంత గట్టిగా ఉండాలి, ఏళ్లు గడిచినా స్పష్టత పోకూడదు, కంటినరాలు అందులోకి పెరగాలి. గట్టిదనం కోసం పోగులు దగ్గర చేస్తే మసకబారుతుంది, స్పష్టత కోసం పలచన చేస్తే కుట్టు ఆగదు. ఇంజినీర్లు అక్కడే పెనుగులాడుతున్నారు.

డబ్బు ల్యాబ్‌కా, ఐబ్యాంకుకా

ప్రజారోగ్యంలో పనిచేసేవాళ్లలో కొందరి మాట ఇది: కార్నియా జబ్బుల్లో చాలావరకు ఆపగలిగినవే, పొలంలో కళ్లద్దాలు, పుండు పడిన రోజే సరైన చుక్కలమందు, సున్నం పొట్లాలకి పిల్లలు తీయలేని మూతలు, ఆసుపత్రుల్లో మరణం జరిగినప్పుడు కుటుంబంతో ఓపికగా మాట్లాడే కౌన్సెలర్లు, ఇవి పెంచితే ఖర్చు తక్కువ, ఫలితం ఇప్పుడే. శ్రీలంక తన అవసరాలు తీర్చుకుని ఇతర దేశాలకి కార్నియాలు పంపుతోంది, దానికి ఏ ప్రింటరూ అవసరపడలేదు.

పరిశోధకుల మాట కూడా కొట్టేయలేం. మూలకణాలు కాలిపోయిన కంటికి ఎన్ని దాత కార్నియాలు తెచ్చినా నిలవవని చూశాం. ఒక్కో మార్పిడికి నిపుణుడైన సర్జన్, ఏళ్ల తరబడి ఫాలోఅప్ కావాలి, అవి మండల కేంద్రాలకి చేరడం కష్టం, ఇంజెక్షన్ లాంటి తేలిక పద్ధతి వస్తే చేరొచ్చు. నా మటుకు నాకు స్లెట్ ఈ గొడవలో మంచి ఉదాహరణ అనిపిస్తుంది, మూలకణాల శాస్త్రం అర్థమయ్యాకే దాన్ని ల్యాబ్ లేకుండా చేసే తెలివి వచ్చింది.

ఒక్కటి మాత్రం ఇరువైపులవాళ్లూ ఒప్పుకుంటారు. “స్టెమ్ సెల్ థెరపీ” అని బోర్డు ఉన్నంత మాత్రాన ఇది అదే కాదు. 2015లో ఫ్లోరిడాలోని ఒక క్లినిక్‌లో ముగ్గురు మహిళలకి పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలని మూలకణాలని చెప్పి ఒకేరోజు రెండు కళ్లలోకీ ఎక్కించారు, కంటి వెనక ఉండే తెర, అంటే రెటీనా, బాగవుతుందని. ముగ్గురికీ చూపు దారుణంగా దెబ్బతింది. రెండు కళ్లకీ ఒకేసారి ప్రయోగం చేస్తామన్నా, ట్రయల్ అంటూనే డబ్బు కట్టమన్నా అక్కడినుంచి లేచి వచ్చేయాల్సిందే.

పిన్నికి చెప్పిన జవాబు

బాబాయిది మధ్య పొర మచ్చ. సున్నం కాదు కాబట్టి, లింబస్ బాగుంటే స్లెట్ ఆయనకి అక్కర్లేదు. లోపలి పొర ఇంజెక్షన్ మచ్చని తీయదు. స్వీడన్ బిళ్ల వేరే జబ్బుకి. ప్రింటర్ కార్నియా ఆయన ఆపరేషన్‌కి ఇంకా సిద్ధంగా లేదు. కాబట్టి ఆయనకి దారి 1905నాటిదే, ఎవరో ఒకరు ఇచ్చిన కార్నియా. రెటీనా, నరం బాగున్నాయో లేదో చూసి డాక్టరు ఒప్పుకుంటే పేరు రాయించుకోవాలి. పోయిన నెల రాయించాం.

పిన్ని ఫోన్ పెట్టేసే ముందు ఇంకొకటి అడిగింది, “నాకు షుగరుంది, శుక్లం ఆపరేషన్ అయింది, నా కళ్లు ఎవరికైనా పనికొస్తాయా?” అని. వస్తాయి. షుగరు, కళ్లజోడు, శుక్లం ఆపరేషన్ అడ్డు కాదు. చనిపోయాక ఆరు గంటల్లోపు ఐబ్యాంకుకి ఫోన్ చేయాలి, వాళ్లు ఇంటికే వచ్చి పదిహేను ఇరవై నిమిషాల్లో కార్నియా తీసుకుంటారు, ముఖం మారదు. ఒకవేళ లోపలి పొర కణాలు తక్కువై మార్పిడికి సరిపోకపోయినా, కుటుంబం ఒప్పుకుంటే అది పరిశోధనకి వెళ్తుంది. ప్రింటర్‌లో పోసే బయోఇంక్ తయారయ్యేది అలాంటి కార్నియాల నుంచే.